కుంట నిండా ఊదాపూలు

పోయిన నెలలో మా అమ్మాయితో కలిసి రేణిగుంట రోడ్డులో ఉన్న నర్సరీకి వెళ్లాను. కొత్తింటి మేడమీద పెట్టుకోవడానికి ఆమెకు మొక్కలు కావాలి. గులాబీలు, మందారాలు దాటి వెళితే ఒక మూల నీళ్లు నింపిన నల్ల ప్లాస్టిక్ తొట్లు ఉన్నాయి. అందులో ఒకదాని నిండా గుర్రపుడెక్క. ఉబ్బిన కాడలు, నున్నటి గుండ్రని ఆకులు, మధ్యలో నిటారుగా లేచిన ఊదారంగు పూలగుత్తి.

"ఇది నీళ్లలో పెరిగే రకం మేడమ్. మట్టి అక్కర్లా, ఎరువు అక్కర్లా. ఊరికే పెరుగుతాది" అన్నాడు నర్సరీ అబ్బాయి.

"ఆ సంగతి నాకు తెలుసు నాయనా" అన్నాను.

మా అమ్మాయి ఆ తొట్టి కొనుక్కుంది. నేను వద్దనలేదు. కారులో నా కాళ్ల దగ్గరే పెట్టారు. తిరుపతి వచ్చేదాకా ఆ పూలగుత్తినే చూస్తూ కూర్చున్నాను. చాలా ఏళ్లుగా తలుచుకోని మనుషులు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు.

మాది నగరి దగ్గర నేతగాళ్ల వీధి. తెల్లవారేసరికి వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి కట్టేవాళ్లు. మా నాయన, చిన్నాయన, ఇంకా వీధిలోని మగవాళ్లు అటూ ఇటూ నడుస్తూ పెద్ద కుంచెలతో దారాలకు గంజి పట్టించేవాళ్లు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. అందువల్ల మా వీధి పొద్దుటి వాసన కాఫీ వాసన కాదు, పులిసిన గంజి వాసన. బడికి పోయే పిల్లలం పడుగు కింద నుంచి దూరి అవతలికి పోయేవాళ్లం. తల తగిలి దారం తెగిందంటే వీపు మోగేది. అయినా చుట్టూ తిరిగి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు.

వీధి వెనక కుంట ఉండేది. రంగు వేసిన నూలును ఆడవాళ్లు అక్కడికి తీసుకుపోయి జాడించేవాళ్లు. మెట్ల దగ్గర నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా ఉండేవి. ఎవరింట్లో ఏ రంగు చీర నేస్తున్నారో పిల్లలం ఆ నీళ్లను చూసి చెప్పేవాళ్లం. అవతలి ఒడ్డున వీధికంతా పాలుపోసే పాలామె గొడ్లు నీళ్లు తాగేవి. ఆ కుంట లేకపోతే మా వీధిలో మగ్గం ఆడదు. అంత అవసరమైనది కాబట్టే దాని గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

మా చిన్నాయనకు నాయుడుపేట అవతల పల్లె నుంచి పిల్లను తెచ్చారు. ఆమె మా చిన్నమ్మ. అప్పటికి ఆమెకు ఇరవై కూడా నిండలేదు. వరి పండే కాలవల సీమలో పుట్టింది, మూడు పూటలా అన్నం తిని పెరిగింది. మా ఇంట్లో మధ్యాహ్నం రాగిసంగటి, అందులోకి ఊరుబిండి, అంటే వేరుశెనగ పచ్చడి. మొదటిరోజు ఆమె సంగటి ముద్దను నములుతూ కూర్చుంటే మా అవ్వ, అంటే మా నాయనమ్మ, ఎదురుగా కూర్చుని పాఠం చెప్పింది.

"నమిలితే దిగదు అమ్మీ. ఊరుబిండిలో అద్దుకోని మింగాల. మింగు."

చిన్నమ్మ మింగింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. "కారం ఎక్కువైంది" అంది. అవ్వ నమ్మినట్టే ఊరుకుంది.

అవ్వ చెడ్డది కాదు. ఆ వీధిలోనే పుట్టి, మేనత్త ఇంటికే కోడలై, నాలుగిళ్ల అవతల కాపురం పెట్టిన మనిషి. బయటి నుంచి వచ్చినవాళ్లకు వేరే ఊరు ఒకటి ఉంటుందని, అది వాళ్లకు గుర్తొస్తుందని ఆమెకు తోచేది కాదు. చిన్నమ్మను పేరు పెట్టి పిలిచేది కాదు. ఎదురుగా ఉంటే "అమ్మీ", లేకపోతే "నాయుడుపేట పిల్ల".

ఆ ఏడు ఆషాఢం, మా వైపు ఆడినెల, వచ్చింది. కొత్తకోడలు అత్తారింట్లో ఉండకూడదని చిన్నమ్మను పుట్టింటికి పంపారు. నెల గడిచాక తిరిగొచ్చింది. ఒక చేతిలో చక్కిలాల డబ్బా, ఇంకో చేతిలో నీళ్లు కారుతున్న గోనెపట్టా మూట. శ్రీకాళహస్తిలో బస్సు మారేటప్పుడు కండక్టరు "ఏందమ్మా అది, చేపలా?" అని ఎక్కనివ్వలేదట. మూట విప్పి చూపిస్తే గానీ ఒప్పుకోలేదట.

అవ్వ మూట విప్పింది. ఆకుల కింద నల్లగా, చిక్కులు పడిన వేర్లు వేలాడుతున్నాయి.

"ఏందే ఇది, దెయ్యం జుట్టు మాదిరి ఉండాది?"

"పూలచెట్టు అత్తా. మా కాలవలో పూస్తాది. పూసినాక చూడు, నువ్వే మెచ్చుకుంటావు."

"పుట్టింటి నుంచి సారె తెస్తారు గానీ నాచు తెచ్చేదాన్ని నిన్నే సూస్తా ఉండా" అంది అవ్వ. చక్కిలాల డబ్బా మాత్రం తీసుకుని లోపలికి వెళ్లింది.

మా పెరట్లో ఒకప్పుడు ఆవుకు కుడితి పోసిన రాతితొట్టి ఖాళీగా పడి ఉండేది. చిన్నమ్మ దాన్ని కడిగి, నీళ్లు నింపి, ఆ మొక్కలను వేసింది. పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే వాటిని చూసుకునేది. ఆ మొక్కల దగ్గర ఉన్నంతసేపూ ఆమె మాట తీరు కూడా మారేది. కాలవ గట్టు మీద నడిచి బడికి పోవడం, వరద వస్తే ఇంట్లోకి చేపలు రావడం, ఇట్లాంటివి నాకు చెప్పేది. నీళ్లు పారుతూ ఉండే ఊరు ఎట్లా ఉంటుందో ఆమె మాటల్లోనే నేను మొదట విన్నాను. మా ఏరు వానాకాలంలో కొన్నాళ్లు తప్ప ఇసుకే.

ఒకరోజు తొట్టిలో మొదటి గుత్తి విచ్చుకుంది. లేత ఊదా రేకులు. అన్నిటికంటే పై రేకు మీద నెమలి కన్ను లాంటి మచ్చ, దాని మధ్యలో పసుపు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూశారు. అవ్వ చాలాసేపు చూసి, గుత్తిని తుంచి దేవుడి పటానికి పెట్టింది. మధ్యాహ్నానికి అది తడిగుడ్డలా వేలాడింది. అయినా ఆ సాయంత్రం "మా ఇంట్లో పూసినట్టు ఇంకెవరింట్లో పూసిందిమే?" అని ఎదురింటావిడతో అవ్వ అనడం నేను విన్నాను. తమిళ పక్క నుంచి నూలు వేసుకొచ్చే వ్యాపారి దాన్ని చూసి, వాళ్లవైపు ఆగాయ తామర అంటారని చెప్పాడు. ఆకాశ తామర అన్నమాట. ఆ పేరు అవ్వకు బాగా నచ్చింది.

మొక్క రోజురోజుకూ పిల్లలు పెట్టేది. ఒకదానికి పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి. కొన్నాళ్లకు తొట్టిలో చెంబు ముంచడానికి కూడా సందు లేకపోయింది. ఆ తర్వాత ఒకనాడు చూస్తే తొట్టి సగం ఖాళీగా ఉంది. నేను అడగలేదు. మొక్కలను లెక్కపెట్టే వయసు కాదు నాది.

కార్తీకంలో తుఫాను వానలు పడి కుంట నిండింది. నీళ్లు తేటపడ్డాక చూస్తే ఒక మూల ఆ ఆకులే గుంపుగా తేలుతున్నాయి. అప్పటికి ఎవరికీ బాధ కలగలేదు. ఎండలు మొదలయ్యేసరికి సగం కుంట పచ్చగా మారింది. ఆ తర్వాత పూసింది. అట్లాంటి పూతను నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఊదారంగు పరిచినట్టుండేది. పక్క వీధుల వాళ్లు సాయంత్రంపూట చూడటానికి వచ్చేవాళ్లు. కొత్తగా పెళ్లయినవాళ్లు ఫోటో స్టూడియో ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడేవాళ్లు. పిల్లలం ఉబ్బిన కాడలు కోసుకొచ్చి, మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసే వేళకు అరుగుల మీద పరిచి మడమతో తొక్కేవాళ్లం. టప్, టప్ అని పేలేవి. మా తాత ఉలిక్కిపడి లేచి కర్ర పట్టుకుని వెంటపడేవాడు.

పూలు రాలాయి. ఆకులు మిగిలాయి. అప్పుడు కష్టాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నూలు జాడిస్తే నల్లటి వేర్లు దారాలకు చుట్టుకునేవి. తెల్లనూలులో చిక్కుకున్న ఆ పీచును ఏరలేక మా అమ్మ కళ్లు ఎర్రబడేవి. నీళ్లు కంపుకొట్టాయి. దోమలు పెరిగి ఇంటింటా చలిజ్వరం వచ్చింది. ఆడవాళ్లు నూలు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఊరవతలి బావి దగ్గరికి నడవాల్సి వచ్చింది. ఆ బావిగల రైతు రోజూ గొణిగేవాడు. నేత ఆలస్యమైంది.

ఆ వేసవిలోనే పాలామె దూడ చనిపోయింది. ఎర్రగా, నుదుటిమీద తెల్లమచ్చతో ఉండేది. మా అందరి చేతుల్లోనూ గడ్డి తిన్నది. పచ్చిక అనుకుని ఆకుల మీద అడుగుపెట్టింది. కాళ్లకు వేర్లు చుట్టుకుని పైకి రాలేకపోయింది. మగవాళ్లు మగ్గాల మీద నుంచి లేచి పరిగెత్తేసరికి అయిపోయింది. తాళ్లు కట్టి దాన్ని బయటికి లాగినప్పుడు దాని మెడలో గంట ఒకసారి మోగింది. పాలామె ఏడవలేదు. దూడ పక్కన కూర్చుని దాని ఒంటికి అంటుకున్న ఆకులను ఒక్కొక్కటే తీసేసింది.

ఆ సాయంత్రం భజనగుడి అరుగు మీద వీధి పెద్దలు కూర్చున్నారు. మా ఇంటివాళ్లను పిలిచారు. చిన్నాయన తలవంచుకుని నిలబడ్డాడు. చిన్నమ్మ స్తంభం పక్కన నిలబడింది. అవ్వ కింద మెట్టు మీద కూర్చుని ఒడిలో వక్కాకు సంచి పెట్టుకుంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను.

"నేను ఎవుర్నీ ఏమీ అన్ను. నా దూడ మాత్రం పొయ్యింది" అంది పాలామె.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "తెచ్చినోళ్లే తియ్యాల. అంతేగదప్పా న్యాయం?"

"తెచ్చి మన కుంటలో ఎయ్యమని ఎవురు సెప్పినారు ఆ పిల్లకు?" అన్నాడు ఇంకొకాయన. "యాడిదో మొక్కను తెచ్చి మన నీళ్లు చెరిపేసింది. కొన్నాళ్లు ఆయమ్మిని పుట్టింటికి పంపించెయ్యి అబ్బోడా. కుంట బాగుపడినాక సూస్తాం."

చిన్నాయన వంచిన తల ఎత్తలేదు. పుట్టింటికి పంపిన కోడలు తిరిగి రావడం అత్తింటివాళ్ల చేతుల్లోనే ఉంటుందని అక్కడున్న అందరికీ తెలుసు.

చిన్నమ్మ మెల్లగా అంది. "నన్ను పంపబాకండి. నేనే తీసేస్తాను."

"కుంటంతానా?"

"కుంటంతా."

మరుసటి పొద్దున చిన్నమ్మ చీర మోకాళ్లదాకా దోపుకుని, చేతిలో కొడవలితో కుంటలోకి దిగింది. వేర్లు కోసి, ఆకుల దిమ్మలను లాక్కొచ్చి గట్టున వేసేది. తడిసిన దిమ్మ ఒకటి ఇద్దరు మోసే బరువు. చిన్నాయన మగ్గం దిగాక వచ్చి కలిసేవాడు. పిల్లలం ఒడ్డున నిలబడి అందిన కాడికి లాగేవాళ్లం. ఒకవైపు ఖాళీ చేస్తే, గాలికి అవతలివైపు గుంపు జరిగి వచ్చి ఆ జాగాను నింపేది. ఆమె చేతులు పుండ్లు పడ్డాయి. మా అమ్మ రాత్రి పసుపు, నూనె రాసి గుడ్డ చుట్టేది. ఆడవాళ్లు కొందరు గట్టు మీదికి వచ్చి చూసి వెళ్లేవాళ్లు. జాలిపడినవాళ్లున్నారు, నవ్వినవాళ్లున్నారు. నీళ్లలోకి మాత్రం ఎవరూ దిగలేదు.

అవ్వ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చునేది. ఒంట్లో బాగాలేదేమో అనుకుని తాత కషాయం కాచి ఇచ్చాడు.

ఒకనాడు ఎండ బాగా ఎక్కిన వేళ, చిన్నమ్మ ఒక పెద్ద దిమ్మను లాగబోయి నీళ్లలో బోర్లా పడింది. లేచి, దగ్గి, మొహం తుడుచుకుని మళ్లీ దాన్నే పట్టుకుంది. గట్టున ఎవరో నవ్వారు. అప్పుడు అవ్వ వచ్చింది. ఎప్పుడు వచ్చి నిలబడిందో నేను గమనించలేదు. వక్కాకు సంచి నా చేతికిచ్చి చీర పైకి దోపుకుంది.

"అవ్వా, యాడికి?" అన్నాను.

ఆమె మెట్లు దిగి నడుము లోతు దాకా వెళ్లి, ఆ దిమ్మకు ఇంకో వైపు పట్టుకుంది. పట్టుకుని, గట్టు వైపు తిరిగి, భజనగుడి దాకా వినిపించేటట్టు చెప్పింది.

"ఈ కుంటలో ఏసింది ఈ పిల్ల కాదు. నేను. తొట్టి నిండిపోయిందని, కుంటలో పూస్తే ఈదంతా సూస్తారు కదా అని, గంపకెత్తుకోని వచ్చి ఈ చేతుల్తోనే ఇసిరేసినా. నగేవాళ్లు నన్ను సూసి నగండి."

ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మ తల ఎత్తలేదు. కాసేపటికి గుంపులోంచి పాలామె ముందుకు వచ్చింది. తిడుతుందనుకున్నాం. ఆమె కొంగు బిగించి కుంటలోకి దిగింది. అవ్వ పక్కకు వెళ్లి ఒక దిమ్మను పట్టుకుంటూ అడిగింది.

"ఈ మాట ఆ పొద్దు గుడికాడ సెప్పకూడదా అక్కా?"

"నోరు రాలా" అంది అవ్వ.

పాలామె ఆ దిమ్మను గట్టుకు లాగింది. ఆ తర్వాత ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు దిగారు. సాయంత్రానికి మగ్గాలు ఆగాయి, మగవాళ్లూ వచ్చారు. పుట్టింటికి పంపమన్నాయన గడకర్ర తెచ్చి దిమ్మలను ఒడ్డుకు తోశాడు. కుంటంతా శుభ్రం కావడానికి చాలా రోజులు పట్టింది. గట్టున కుప్పలు ఎండి, కుళ్లి, వానలు వచ్చేదాకా కంపు పోలేదు.

అంతా తీసేశామనుకున్నాం. వానలకు మళ్లీ మొలిచింది. ఆ మొక్క సంగతి అంతే, వేరు తునక మిగిలితే చాలు. ఆ తర్వాత ప్రతి వేసవిలో వీధంతా ఒకరోజు మగ్గాలు ఆపి కుంటలోకి దిగేవాళ్లు. గట్టు మీదే సంగటి కెలికేవాళ్లు, అలసంద వడలు వేసేవాళ్లు. అది మా పిల్లలకు పండగ. చిన్నమ్మ ముందు దిగేది, ఎవరు ఎక్కడ పట్టాలో ఆమే చెప్పేది. అవ్వ గట్టున కూర్చుని వడలు కాలుస్తూ, "మా కోడలు సెప్పినట్టు సెయ్యండప్పా" అని అరిచేది. నాయుడుపేట పిల్ల అనే మాట ఆ తర్వాత మా ఇంట్లో వినపడలేదు.

ఆ పండగ ఎన్నాళ్లో సాగలేదు. కరెంటు మగ్గాలు వచ్చాయి. రంగు వేసిన నూలు బయటి నుంచి లారీలలో రావడం మొదలైంది. వీధిలో పడుగు సాగదీసేవాళ్లు లేరు, జాడించడానికి నూలు లేదు. కుంటను పట్టించుకోవాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. గుర్రపుడెక్క దాన్ని పూర్తిగా కప్పేసింది. కొన్ని ఏళ్లు ఊదారంగు పూలు పూసి, ఎవరూ చూడకుండానే రాలాయి. తర్వాత మట్టి తోలి పూడ్చారు. అవ్వ చివరి రోజుల్లో నేను పెళ్లయి తిరుపతిలో ఉన్నాను. చూడటానికి వెళితే ఆమె మంచం మీద ఉంది. చిన్నమ్మ పక్కన కూర్చుని గిన్నెలో రాగిగంజి కలుపుతోంది. అప్పటికి చిన్నమ్మ జుట్టు కూడా సగం నెరిసింది. మాటల మధ్యలో కుంట ప్రస్తావన వచ్చింది. నేను ఊరికే అడిగాను.

"ఆ పొద్దు గుడికాడ ఎందుకు సెప్పలేదవ్వా?"

అవ్వ పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "సెప్పుంటే నన్నేం సేసేవాళ్లు? ఏమీ సెయ్యరు. ఈ ఈదిలో పుట్టినదాన్ని, నన్ను యాడికి పంపిస్తారు? ఈ పిల్లనైతే పంపిస్తారు. అది తెలిసి గూడా నోరు తెరవలా." చిన్నమ్మ వైపు తల తిప్పింది. "నీకు తెల్సునా అప్పుడు, నేనే ఏసినానని?"

"తెలుసు అత్తా. నువ్వు గంపకెత్తేటప్పుడు నేను పెరటి తలుపుకాడే ఉండా."

"మరి ఎందుకు సెప్పలా?"

చిన్నమ్మ గంజి కలపడం ఆపలేదు. "నేను చెప్పి, నువ్వు కాదంటే? ఇంక ఈ ఇంట్లో నేనెట్టా ఉండేది?"

చిన్నమ్మ అవ్వ తల కింద చెయ్యి పెట్టి లేపి, గిన్నె నోటికి అందించింది. అవ్వ కళ్లు మూసుకుని గంజి అంతా తాగింది.